పొట్టు పారబోసి... పొడి కొంటున్నాం!

బియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి. మినప్పప్పులో నల్లటి పొట్టు ఒక్కటి కనిపించినా ఇడ్లీ రంగు చెడుతుంది. గోధుమపిండి మెత్తగా జల్లెడ పట్టాలి, పైన మిగిలిన తవుడు గేదె కుడితిలోకి. చిక్కుడుకాయకు నార తీస్తాం. బీరకాయకు తొక్క తీస్తాం (బీరపొట్టు పచ్చడి మర్చిపోని ఇళ్లకు నమస్కారం!). ఇంట్లోకి వచ్చిన పీచునంతా ఇంత ఓపిగ్గా చెత్తబుట్టకీ, పశువులకీ పంచిపెట్టి, నెలాఖరున కిరాణా చీటీలో మాత్రం ‘ఇసబ్గోల్ డబ్బా ఒకటి, హై ఫైబర్ బిస్కట్లు రెండు ప్యాకెట్లు’ అని రాసుకుంటాం.

పేరు పెట్టుకుని డబ్బాలో కనిపించే పీచు కొంతే. పేరు చెప్పకుండా మన ఇంట్లో తిరుగుతున్న పీచు ఇంకా చాలా ఉంది. పిల్లలు చప్పరించే ఐస్‌క్రీములో ఉంది. మామగారు వేసుకునే షుగరు మాత్రలో ఉంది. అత్తగారి కంటి చుక్కల్లో కూడా ఉందంటే నమ్ముతారా? చెట్టు నుంచీ, పత్తి నుంచీ, గోరుచిక్కుడు గింజ నుంచీ తీసి, ఫ్యాక్టరీలో కాస్త మార్చి, మందుల్లోనూ తిండిలోనూ వాడుతున్న పీచు అది.

ఈ సంగతులన్నీ ఇల్లాలికి ఎందుకూ అంటారేమో. మాత్ర విరిచి చేతికిచ్చేది మనం. ఇసబ్గోల్ నీళ్లలో కలిపి ఇచ్చేది మనం. బిస్కట్ ప్యాకెట్టు కొనేదీ మనమే. ఈ మూడు పనుల్లోనూ తెలియక చేసే పొరపాటు ఒక్కోసారి డబ్బుతో పోదు, ప్రాణం మీదకి తెస్తుంది.

అరగకపోవడమే దాని గొప్ప

అన్నంలో ఉండే గంజిపదార్థం, గడ్డిపరకలో ఉండే సెల్యులోజ్ - రెండూ గ్లూకోజు పూసలు గుచ్చిన దండలే. పూస అదే, ముడి వేసిన తీరు వేరు. మొదటి ముడిని విప్పే ఎంజైము మనకుంది, రెండో ముడిని విప్పేది లేదు. అందుకే అన్నం అరుగుతుంది, గడ్డి అరగదు. ఆవుకి కూడా ఆ విద్య సొంతంగా రాదు. దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. మొక్కల గోడల్లోని ఈ సెల్యులోజ్‌ను 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ విడదీసి చూపించారు.

ఆ తర్వాత వందేళ్లకు పైగా పోషకాహార శాస్త్రం పీచును పట్టించుకోలేదు. అరగనిదానికి విలువేమిటి అనుకున్నారు. ‘డైటరీ ఫైబర్’ అనే మాట 1953లో హిప్స్‌లీ అనే శాస్త్రవేత్త రాసిన వ్యాసంలో వచ్చింది. ఆ వ్యాసం దేని గురించో తెలుసా? గర్భిణులకు వచ్చే గుర్రపువాతం లాంటి బాధ గురించి - అంటే రక్తపోటు పెరిగి, ఒళ్లు నీరుపట్టే జబ్బు. పీచుకు పేరు పెట్టించింది ఒక విధంగా ఆడవాళ్ల కష్టమేనన్నమాట. 1970లలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ దానికి ప్రచారం తెచ్చారు. ఆయన చాలా ఏళ్లు ఉగాండాలో వైద్యం చేశారు. పాశ్చాత్య దేశాల్లో మామూలైపోయిన మలబద్ధకం, అపెండిసైటిస్ లాంటివి ఆఫ్రికా పల్లెల్లో ఎందుకంత అరుదని అడిగి, వాళ్లు తినే పీచు వైపు వేలు చూపించారు.

పీచు లోపల ఏం చేస్తుంది? కరగని పీచు నీళ్లు పట్టి ఉంచి మలాన్ని మెత్తగా, బరువుగా చేసి ముందుకు నెడుతుంది. కరిగే పీచు జిగురుగా మారి, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా అడ్డం పడుతుంది. పైత్యరసాన్ని కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్త పైత్యరసం తయారు చేసుకోవడానికి లివరు రక్తంలోని కొలెస్టరాల్‌ను లాక్కుంటుంది, అలా కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. ఇక పెద్దపేగుకు చేరిన పీచును అక్కడి మంచి సూక్ష్మజీవులు పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం అవే. ఈ ఆమ్లాల సంగతి గుర్తుంచుకోండి, వేలూరు కథ దగ్గర మళ్లీ వస్తుంది.

పీచును ‘మార్చడం’ అంటే?

సెల్యులోజ్ నీళ్లలో కరగదు. కరిగేదే అయితే మన నేతచీర మొదటి ఉతుకుకే బకెట్లో జావ అయిపోయేది! పత్తి దాదాపు పూర్తిగా సెల్యులోజే. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక కూడా పత్తిగింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు ఆడపడుచులకు అది చూపించి చెప్పక్కర్లేదు. ఆ నూగు, ఇంకా ఎక్కువగా కలప గుజ్జు - మందులకూ తిండికీ వాడే సెల్యులోజ్‌కు ఇవే ముడిసరుకులు.

మార్చే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది, ఆమ్లంలో ఉడికించి వదులుగా ఉన్న భాగాన్ని కరిగించేసి, గట్టి స్ఫటికాల్లాంటి భాగాన్ని మాత్రం మిగుల్చుకోవడం. 1955లో అమెరికాలో ఓ.ఎ. బాటిస్టా అనే శాస్త్రవేత్త ఇలా చేసి, నీళ్లలో వేసి చిలికితే మీగడలాంటి తెల్లటి పదార్థం వచ్చింది. ఇవాళ మాత్రల తయారీలో విరివిగా వాడే మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ అదే. రెండోది, సెల్యులోజ్ దండకు అక్కడక్కడ చిన్న రసాయన కొక్కేలు తగిలించడం. కొక్కెం తగిలిన చోట దండలు ఒకదానికొకటి అతుక్కోలేవు, మధ్యలోకి నీళ్లు దూరతాయి, పీచు జిగురై కరుగుతుంది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, మిథైల్ సెల్యులోజ్, హెచ్.పి.ఎం.సి. అని పొట్టిగా పిలిచే హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ ఇలా పుట్టినవే. మూడోది, పొడవాటి జిగురు దండను ఎంజైముతో ముక్కలు చేసి పల్చబరచడం.

వీటిలో మిథైల్ సెల్యులోజ్ గుణం మహా తమాషా. నెయ్యి వేడికి కరిగి చల్లారితే గడ్డకడుతుంది కదూ? ఇది దానికి తలకిందులు. చల్లటి నీళ్లలో కరుగుతుంది, వేడి చేస్తే గడ్డకడుతుంది, చల్లారితే మళ్లీ జారుతుంది. మాంసం లేని ‘మాంసం’ ముద్దలు పెనం మీద విడిపోకుండా పట్టి ఉంచడానికీ, గోధుమ పడనివాళ్ల కోసం చేసే బ్రెడ్డు పొంగి నిలబడడానికీ దీన్ని వాడుతున్నది ఈ గుణం చూసే. అమెరికాలో మలబద్ధకానికి మందుగా కూడా అమ్ముతారు. పేగుల్లో సూక్ష్మజీవులు దీన్ని పులియబెట్టలేవు కాబట్టి గ్యాసు బాధ తక్కువ.

ఐస్‌క్రీము రహస్యం

ఇంట్లో పాలు మరగకాచి, పంచదార కలిపి, ఫ్రీజర్లో పెట్టిన ఐస్‌క్రీము పంటికింద మంచు పలుకుల్లా ఎందుకు తగులుతుంది? బజారుది వెన్నలా ఎందుకు జారుతుంది? ఆ తేడాలో కొంత భాగం ఈ జిగుర్లదే. నీళ్లు కదలకుండా పట్టి ఉంచి, మంచు పలుకులు పెద్దవి కాకుండా చూస్తాయి. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో ‘స్టెబిలైజర్’ అని రాసి పక్కన నంబర్లు వేస్తారు. 412 అంటే గోరుచిక్కుడు జిగురు. 440 పెక్టిన్. 460 సెల్యులోజ్. 461 మిథైల్ సెల్యులోజ్. 464 హెచ్.పి.ఎం.సి. 466 కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్.

పెక్టిన్ సంగతి జామ్ చేసే వాళ్లకు తెలుసు. నిమ్మ, నారింజ తొక్కల్లోనూ ఆపిల్ పిప్పిలోనూ ఉంటుంది. మామూలు పెక్టిన్ గడ్డకట్టాలంటే పంచదార దండిగా పడాలి. దాన్ని కాస్త మార్చిన రకం కాల్షియం ఉంటే చాలు, తక్కువ పంచదారతోనే గడ్డకడుతుంది. షుగరు ఉన్నవాళ్ల కోసం చేసే జామ్‌లకు ఇది పనికొస్తుంది.

అయితే ఒక మాట. ఐస్‌క్రీములో ఈ జిగురు నూటికి ఒక పాలు కూడా ఉండదు. ‘అందులో పీచుంది కదమ్మా’ అని పిల్లలు రెండో కప్పు అడిగితే ఒప్పుకోకండి.

మన గోరుచిక్కుడే!

పుల్లకూర చేసుకునే గోరుచిక్కుడుకు ప్రపంచ మార్కెట్లో ‘గ్వార్’ అని పేరు. ప్రపంచంలో పండే గ్వార్‌లో ఎక్కువ భాగం మనదేశానిదే, అందులోనూ రాజస్థాన్‌దే. లేత కాయ మన కూరకు, ముదిరిన గింజ ఫ్యాక్టరీకి. గింజ మధ్యలోని తెల్లటి భాగాన్ని పిండి చేస్తే గ్వార్ గమ్. ఐస్‌క్రీము నుంచి చమురు బావుల దాకా వెళ్తుంది. 2012 ప్రాంతంలో అమెరికా చమురు, గ్యాసు కంపెనీలు ఎగబడి కొంటే గ్వార్ ధర ఆకాశానికెక్కి, రాజస్థాన్ రైతు ఆశ్చర్యపోయాడు.

ఈ గ్వార్ గమ్ నీటిలో పడగానే విపరీతంగా ఉబ్బుతుంది. కడుపు నిండినట్టుంటుంది కదా అని అమెరికాలో దీన్ని మాత్రలుగా చేసి ‘సన్నబడే మందు’ అని అమ్మారు. ఆ మాత్రలు కడుపు దాకా పోకుండా గొంతులోనే, అన్నవాహికలోనే ఉబ్బి అడ్డం పడ్డాయి. కొందరు ఆస్పత్రి పాలయ్యారు. 1990లో అక్కడి ప్రభుత్వం వాటిని మార్కెట్లోంచి తీయించేసింది. సన్నబడాలన్న ఆశతో ప్రకటన చూసి పొడులూ మాత్రలూ తెప్పించుకునే మన అమ్మాయిలు ఈ కథ ఒక్కసారి చదవాలి.

అదే గ్వార్ జిగురును ఎంజైముతో ముక్కలు చేస్తే నీళ్లలా పల్చగా కరుగుతుంది. గొంతుకు అడ్డం పడదు, రుచీ తెలియదు, పీచు గుణం మాత్రం పోదు. ఈ రకాన్ని మలబద్ధకానికీ, పేగు చిరాకుకూ వాడుతున్నారు. బంగ్లాదేశ్‌లో విరేచనాలతో బాధపడే పిల్లలకు ఓ.ఆర్.ఎస్.లో కలిపి ఇచ్చి చూసిన పరిశోధన 2000లో వచ్చింది. విరేచనాలు త్వరగా తగ్గాయని తేలింది. ఒకే గింజ జిగురు ఒకచోట గొంతుకు అడ్డం పడింది, ఇంకోచోట పసిపిల్లల బాధ తగ్గించింది. మార్చిన తీరు వేరు, ఇచ్చిన తీరు వేరు.

వేలూరు కథ

విరేచనాలకు పీచు ఏమిటి, విడ్డూరం కాకపోతే అంటారా? చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్లు పెద్దజబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు చేసిన పని చూడండి. కలరా రోగులకు మూడు రకాల ఓ.ఆర్.ఎస్. ఇచ్చారు. ఒకటి మామూలుది, రెండోది బియ్యప్పిండి కలిపింది, మూడోది అరగని గంజిపదార్థం కలిపింది. ఆ మూడో రకం ప్రత్యేకమైన మొక్కజొన్న నుంచి తీసింది. పేరుకు గంజిపదార్థమే గానీ చిన్నపేగులో అరగదు, పీచులా పెద్దపేగు దాకా వెళ్తుంది.

అక్కడ ఏమవుతుంది? ఇందాక చెప్పిన ఆమ్లాలు తయారవుతాయి. అవి పెద్దపేగు గోడ చేత ఉప్పును లోపలికి పీల్పిస్తాయి. ఉప్పు వెంట నీరూ లోపలికి వస్తుంది. అలా బయటికి పోవాల్సిన నీరు ఒంట్లోనే నిలుస్తుంది. మూడో రకం తాగిన వారికి విరేచనాలు తొందరగా కట్టాయి, పోయిన నీరూ తగ్గింది. 2000లో ఈ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి.

ఇది చదివి ఇంట్లో ఓ.ఆర్.ఎస్.లో ఏదో పిండి కలపకండి. పిల్లలకు విరేచనాలైతే ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో, రాసినట్టుగానే కలిపి, గుక్కగుక్కగా పట్టండి. తల్లిపాలు ఆపకండి. డాక్టరు చెబితే జింకు మాత్ర 10 నుంచి 14 రోజులు వేయండి. ఉప్పు వేసిన పల్చటి గంజి ఇవ్వడం మన పెద్దలెరిగిన పద్ధతే, అదీ మంచిదే.

మాత్రలో పీచు: ఇక్కడ జాగ్రత్త!

అయిదు మిల్లీగ్రాముల మందును వేళ్లతో పట్టుకోవడం మాట అటుంచి, కంటికి చూడడమే కష్టం. దాన్ని మాత్రగా నిలబెట్టేది మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్. నొక్కితే గట్టిగా అతుక్కుంటుంది. అలా అతుక్కున్న మాత్ర కడుపులోకి వెళ్లాక విడిపోవాలి కదా. ఆ పనికి క్రాస్‌కార్మెల్లోజ్ అనే ఇంకో మార్చిన పీచు ఉంది. నీళ్లు తగలగానే ఉబ్బి మాత్రను లోపల్నుంచి పేల్చేస్తుంది.

మూడో రకం మాత్రలున్నాయి. వాటి పేరు చివర ఎస్.ఆర్. అనో, ఎక్స్.ఆర్. అనో, ఇ.ఆర్. అనో, సి.ఆర్. అనో ఉంటుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌లో, కొన్ని బీపీ మందుల్లో ఈ రకం చూస్తాం. వీటిలో చాలావాటికి హెచ్.పి.ఎం.సి. ఆధారం. నీళ్లు తగిలిన వెంటనే మాత్ర చుట్టూ జిగురు పొర ఏర్పడుతుంది. మందు ఆ పొరలోంచి గంటల తరబడి మెల్లమెల్లగా ఊరుతుంది. రోజుకు మూడుసార్లు మింగాల్సింది ఒక్కసారితో సరిపోతుంది. మందంతా అయిపోయాక ఆ జిగురు ముద్ద ఒక్కోసారి మలంలో కనిపిస్తుంది. మాత్ర అరగలేదేమోనని కంగారు పడక్కర్లేదు, మందు దిగిపోయాక మిగిలిన ఖాళీ సంచి అది.

మా వీధిలో ఒకావిడ ఉంది. ఎనభై దాటిన అత్తగారికి మింగుడు పడడం లేదని బీపీ మాత్రను చిన్న కల్వంలో నూరి, తేనెలో రంగరించి నాకించేది. సేవలో వంక పెట్టడానికి లేదు. నాలుగో రోజు పెద్దావిడ మంచం దిగుతూ కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు అన్నీ చూసి, చివరికి ‘మాత్ర ఎలా ఇస్తున్నారమ్మా?’ అని అడిగాడు. పన్నెండు గంటల పాటు ఊరవలసిన మందు నూరగానే ఒక్కసారిగా ఒంటికి పట్టేసిందట. ‘మింగలేకపోతున్నారు అని ఒక్క మాట చెప్పి ఉంటే వేరే మాత్రో, ద్రవం మందో రాసేవాణ్ణి కదా’ అన్నాడాయన. అదృష్టం బాగుండి తుంటి ఎముక విరగలేదు. ఆ కోడలు మాత్రం వారం రోజులు అన్నం సరిగా తినలేదు. అందులో ఆమె తప్పేముంది చెప్పండి? ఆ మాత్రకున్న జిగురు తొడుగు గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కడుపుమంట మాత్రల్లో కొన్నిటికి ఉండే పై పూత కూడా ఇలాంటిదే. మార్చిన సెల్యులోజ్‌తో చేసే కొన్ని పూతలు కడుపులోని ఆమ్లానికి కరగవు, పేగుల్లోకి వెళ్లాకే కరుగుతాయి. నూరితే ఆ పూత పోయి మందు కడుపులోనే పాడవుతుంది. కొన్ని మాత్రలకు మధ్యలో గీత ఉంటుంది, విరవచ్చు గానీ నూరకూడదు. ఏది విరవచ్చో, ఏది కూడదో మందుల షాపులో అడగడానికి మొహమాటపడకండి.

శాకాహారులకు ఇంకో కబురు. మామూలు గుళికల తొడుగు జెలటిన్‌తో చేస్తారు, అది పశువుల ఎముకల నుంచీ, చర్మం నుంచీ వస్తుంది. ఇప్పుడు హెచ్.పి.ఎం.సి.తో చేసిన శాకాహార గుళికలు కూడా దొరుకుతున్నాయి.

కంటికి చుక్క, కోతకు కట్టు

గంటల తరబడి తెర చూసే పిల్లలకూ, వయసు మళ్లిన ఆడవాళ్లకూ కళ్లు పొడిబారి ఇసక పోసినట్టుంటాయి. డాక్టరు రాసే ‘కన్నీటి చుక్కల్లో’ ఎక్కువగా ఉండేది కార్బాక్సీమిథైల్ సెల్యులోజో, హెచ్.పి.ఎం.సి.నో. జిగురు పల్చని పొరలా కంటిమీద నిలిచి తడి ఆరకుండా చూస్తుంది. శుక్లాల ఆపరేషనులో కంటి లోపలి సున్నితమైన పొర దెబ్బతినకుండా నింపే జిగురు ద్రవాల్లోనూ హెచ్.పి.ఎం.సి. ఉంది. ఖర్చు తక్కువ కావడంతో మనదేశంలో దీన్ని విస్తారంగా వాడతారు. అమ్మమ్మ కంటికి వెలుగు రావడం వెనక కలప గుజ్జు చెయ్యి కూడా ఉందన్నమాట. ఆపరేషన్లలో రక్తం ఆగడానికి సెల్యులోజ్‌ను ఆక్సీకరించి చేసిన గుడ్డలాంటి పదార్థం వాడతారు. దాన్ని లోపలే వదిలినా ఒళ్లు మెల్లగా కరిగించుకుంటుంది.

ఇసబ్గోల్ తాగే పద్ధతి

ఇసబ్గోల్ పెద్దగా మార్చని పీచు. గింజ పైపొట్టును దంచి విడదీసిందే. గుజరాత్, రాజస్థాన్‌లలో పండుతుంది, ప్రపంచానికి ఎక్కువగా పంపేది మనమే. రోజుకు ఈ పొట్టులోని కరిగే పీచు 7 గ్రాములు, కొవ్వు తక్కువ ఉన్న తిండితోపాటు తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని కంపెనీలు చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1998లో అనుమతించింది. 

కానీ తాగే పద్ధతి ఉంది. పొడిగా నోట్లో వేసుకోకూడదు. ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, ముద్ద కట్టకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. తాగగానే పడుకోకూడదు. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు డాక్టరును అడక్కుండా ఇవ్వొద్దు. థైరాయిడ్, షుగరు, ఇతర మందులకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. లేకపోతే జిగురులో మందు చిక్కుకుని ఒంటికి సరిగా పట్టదు.

‘హై ఫైబర్’ ముద్ర విలువెంత?

మన ఆహార భద్రత సంస్థ 2018 నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో 6 గ్రాముల పీచు ఉంటే ‘హై ఫైబర్’ అని వేసుకోవచ్చు. నాలుగు బిస్కట్లు 30 గ్రాములనుకుంటే మీకు దక్కే పీచు రెండు గ్రాములకు లోపే. దానితోపాటు మైదా, పంచదార, నూనె ఎంత పోతున్నాయో కూడా చూడండి.

ఇప్పుడు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికలు చూద్దాం. 100 గ్రాములకు తెల్లబియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు, ముడిబియ్యంలో 4.4, జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2, జల్లించని గోధుమపిండిలో 11.4. పొట్టు తీసిన మినప్పప్పులో దాదాపు 12, పొట్టుతో ఉన్న మినుముల్లో 20కి పైనే! ఏ ప్రకటనా లేని మన రాగిపిండి డబ్బా ‘హై ఫైబర్’ కొలతకు దాదాపు రెట్టింపు. 

బిస్కట్లలో, పాలపొడుల్లో కలిపే పీచుల్లో ఇనులిన్ ఒకటి. షికోరీ వేరు నుంచి తీస్తారు. మన ఫిల్టర్ కాఫీలో కలిసే షికోరీయే! మంచి సూక్ష్మజీవులకు మేత అయినా, ఎక్కువైతే కడుపుబ్బరం, గ్యాసు తప్పవు. ఇది ఉల్లిపాయల్లో, వెల్లుల్లిలో సహజంగానే ఉంది.

విడదీసిన పీచులన్నీ ఒక్కలా మేలు చేయవు కూడా. అందుకే అమెరికా సంస్థ 2016లో ఒక నియమం పెట్టింది. మొక్క నుంచి వేరు చేసిన పీచు ఒంటికి మేలు చేస్తుందని రుజువుంటేనే లేబులు మీద పీచుగా లెక్కించాలి అని. 2022లో ఒక చిన్న పరిశోధనలో ఆరోగ్యవంతులకు 11 రోజులు, రోజుకు 15 గ్రాముల కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఇచ్చి చూశారు. పేగుల్లోని సూక్ష్మజీవుల రకాలు తగ్గాయి, తిన్నాక కడుపులో ఇబ్బంది పెరిగింది. మాత్రలో, కంటి చుక్కలో ఉండేది అంతకంటే చాలా తక్కువ, దానికి భయపడి మందు మానొద్దు. ప్యాకెట్టు తిండే పూట పూటా తినేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అదీ తిండిలో సహజంగా ఉండే పీచు అని ప్రత్యేకంగా చెప్పింది.

ఇవి గుర్తుంచుకోండి

* పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., సి.ఆర్. ఉన్న మాత్రను నూరకండి, నమలనివ్వకండి. మింగలేకపోతే డాక్టరుకు చెప్పండి.
* ఇసబ్గోల్‌కు నీళ్లు దండిగా, మందులకు రెండు గంటల ఎడం.
* పీచు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. వారానికి కొంత చొప్పున పెంచండి, నీళ్లూ పెంచండి.
* కంటి చుక్కల సీసా మూత తీసిన తేదీ దానిమీద రాయండి. ఎన్నాళ్లు వాడొచ్చో లేబులు మీద ఉంటుంది, ఎక్కువ వాటికి నెలే గడువు.
* ‘సన్నబడే పొడి’ ఏదైనా సరే, డాక్టరుకు చూపించకుండా ముట్టుకోకండి.
* మలంలో రక్తం, ఉన్నట్టుండి వచ్చిన మలబద్ధకం, బరువు తగ్గడం - వీటికి పీచుతో వైద్యం చేసుకోవద్దు. వెంటనే పరీక్ష చేయించుకోండి.

ఈ చివరి మాట మనకు మరీ ముఖ్యం. ఇంట్లో అందరి మాత్రల వేళలూ నోటికి చెప్పే ఇల్లాలు తన మలబద్ధకం గురించి, మొలల గురించి డాక్టరు దగ్గర నోరు విప్పదు. సిగ్గు. మగ డాక్టరైతే అసలే చెప్పదు. ఏళ్ల తరబడి ఇసబ్గోలుతో నెట్టుకొస్తుంది.

రేపు ఇడ్లీకి పప్పు నానబోసేటప్పుడు సగం పొట్టు మినప్పప్పు వేసి చూడండి. రంగు కాస్త తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ‘ఇదేమిటే, ఇడ్లీ నల్లగా ఉంది’ అని ఎవరైనా అంటే, జవాబు చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర బోలెడు సంగతులున్నాయి. చెప్పేటప్పుడు ఆ ఇడ్లీలు రెండు మీ పళ్లెంలో కూడా వేసుకోండి.